రెండుసార్లు తీసేసిన రెండంగుళాలు

పిచ్చుకకు బేకరీలో చోటైతే దొరికింది గానీ, అందులో కాలు పెట్టడానికి కోటు లేదు.

ఆ అమ్మాయి అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది. ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ పిచ్చుకే. పదిహేడేళ్లు నిండినా మనిషి పుల్లలకు గుడ్డ చుట్టినట్టు ఉంటుంది. మాట్లాడమంటే గొంతు గడప దాటదు. అలాంటిది బేకరీ తలుపు మీద ‘పని నేర్చుకునేవాళ్లు కావలెను’ అన్న కాగితం చూసి, మూడు రోజులు ఆ తలుపు ముందు అటూ ఇటూ నడిచి, నాలుగో రోజు లోపలికి వెళ్లి అడిగేసింది. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే తనకే నమ్మకం కుదరలేదు.

బేకరీ మాస్టరు అరవై దాటిన మనిషి. కనుబొమ్మలు తెల్లగా ఉంటాయి, అవి నెరిశాయో, పిండి పడిందో దగ్గరికెళ్లి చూసినా తెలియదు. పిచ్చుక గోళ్లు చూశాడు. అరచేతులు తిప్పి చూశాడు. తర్వాత రొట్టెలు నిండిన ట్రే ఒకటి చేతికిచ్చి నిలబడమని, తన పని తను చూసుకున్నాడు. పిచ్చుక మోచేతులు మండాయి, కానీ ట్రే దించలేదు. చివరికి ఆయనే వచ్చి తీసుకున్నాడు.

“సోమవారం పొద్దున్న ఆరింటికల్లా ఇక్కడుండు. తెల్ల కోటు వేసుకురావాలి. ముందు రెండు వరసల గుండీలు. చేతులు మణికట్టు దాకా ఉండాలి, లేకపోతే పొయ్యి కాలుస్తుంది. పిన్నీసులు పెట్టుకొస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తా. పిన్నీసు పిండిలో పడిందంటే తినేవాడి గొంతులో తేలుతుంది. ఊడే గుండీ ఉన్నా అంతే. అర్థమైందా?”

పిచ్చుక తలూపింది.

“తల సంగతి సరే. నోరుందా?”

“అర్థమైంది మాస్టారూ.”

“నీ వెనకాల ఇంకో ఇద్దరు అడిగి వెళ్లారు. సోమవారం నువ్వు కోటుతో రాకపోతే మంగళవారం వాళ్లు వస్తారు. తర్వాత చెప్పలేదనొద్దు.”

అది గురువారం. ఆ సాయంత్రమే అమ్మా కూతుళ్లు యూనిఫారాలు అమ్మే షాపుకెళ్లారు. అమ్మ ఒక పెద్ద ఆఫీసు భవనంలో ఏడు అంతస్తుల మెట్లు తుడుస్తుంది. నెలాఖరు. అద్దాల వెనక వేలాడుతున్న తెల్ల కోటు దగ్గరికెళ్లి ధర చీటీ తిప్పి చూసి, వేలు కాలినట్టు వదిలేసింది. షాపువాడు “ఏ సైజు కావాలమ్మా?” అంటుండగానే ఇద్దరూ వీధిలోకి వచ్చేశారు.

“అమ్మా, నేనే కుట్టుకుంటా,” అంది పిచ్చుక.

అమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. “నువ్వా?”

ఆ ‘నువ్వా’ వెనక చాలా చరిత్ర ఉంది. ఒకసారి దిండుకు గలీబు కుట్టమంటే నాలుగు వైపులా నున్నగా కుట్టేసింది, దిండేమో బయటే ఉండిపోయింది. ఇంకోసారి పెద్దమ్మ లంగాకు నాడా దూర్చే దారే లేకుండా నడుం పట్టీ మూసేసింది. “దీన్ని ఇప్పుడు నడుముకు జిగురు పెట్టి అంటించుకోనా?” అని పెద్దమ్మ ఆ లంగా పట్టుకుని వీధిలో నాలుగిళ్లకూ చూపించి వచ్చింది.

పెద్దమ్మ అంటే అమ్మకు అక్క. ముప్పై ఏళ్లుగా ముందు గదిలో తొక్కుడు మిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి. ఆవిడ కన్ను బాగుంటే కోటు ఒక్క పూట పని. కానీ వారం కిందటే కంటికి ఆపరేషనైంది. ఒక కంటికి కట్టు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంటుంది. డాక్టరు వంగొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు, సూదిపని ముట్టుకోవద్దన్నాడు. తిట్టొద్దని మాత్రం అనలేదు.

“నోటితో నేను కుడతా, చేత్తో నువ్వు కుట్టు,” అంది పెద్దమ్మ సంగతంతా విని. “నా మిషను సూది విరిగిందో, నీ వేలు పెట్టి కుట్టిస్తా.”

శుక్రవారం పిచ్చుక కట్ పీసుల కొట్టుకెళ్లింది. గుట్టలు గుట్టలుగా పడున్న ముక్కల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికితే, అడుగున దళసరి తెల్ల నూలు గుడ్డ ఒకటి దొరికింది. రెండుంబావు మీటర్లు. ఆ తానులో ఆఖరి ముక్క. ఒక మూల తుప్పు మరక ఉంది. ఆ మరక వల్లే అది అమ్మ ఇచ్చిన డబ్బులకు వచ్చింది. పెద్దమ్మ ఆ గుడ్డను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, “ముందు నీళ్లలో వెయ్. కుట్టాక కుదించుకుపోతే నిన్ను కుదించలేం,” అంది. పిచ్చుక తడిపింది, ఆరేసింది, ఇస్త్రీ చేసింది. ఇక్కడిదాకా ఏ తప్పూ జరగలేదు.

శనివారం పొద్దున్న కొలతలు.

ఆ ఇంట్లో టేపు గురించి ఒక మాట చెప్పాలి. పిచ్చుక పుట్టకముందే ఎప్పుడో ఇస్త్రీపెట్టె కింద పడి దాని మొదటి రెండంగుళాలు కాలిపోయాయి. ఇప్పుడా టేపు మూడో అంగుళంతో మొదలవుతుంది. కొత్తది కొనుక్కోవచ్చు కదా అని ఎవరైనా అంటే, “మిగతా యాభై ఎనిమిదీ ఏం పాపం చేశాయి?” అనేది పెద్దమ్మ. టేపు ఎంత చూపిస్తే అందులోంచి రెండు తీసేయాలన్నది ఆ ఇంట్లో మాటలు వచ్చిన ప్రతివాళ్లకూ తెలుసు.

పెద్దమ్మ పిచ్చుకను మంచం ముందు నిలబెట్టింది. టేపు ఛాతీ చుట్టూ తిప్పి, బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది. “ఛాతీ ముప్పై రెండు, రాసుకో. ఏమే, వీపు నిటారుగా పెట్టు, పిల్లివా? నడుం ఇరవై ఆరు. చెయ్యి ఇరవై రెండు. లూజు రెండంగుళాలు కలుపుకో, ఎక్కువ కలిపావంటే గుడ్డ చాలదు.”

పిచ్చుక పాత నోటుపుస్తకం చివరి పేజీలో అన్నీ రాసుకుంది. తర్వాత నేల తుడిచి గుడ్డ పరిచింది, బడికి తీసుకెళ్లిన చెక్క స్కేలూ సుద్దముక్కా పక్కన పెట్టుకుంది. ఈసారి తప్పు జరగకూడదు. టేపుకు లేని రెండంగుళాలూ గుర్తున్నాయి. అందుకని ప్రతి అంకె పక్కనా రెండు తీసేసి కొత్త అంకె రాసి, చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టింది. ఛాతీ ముప్పై. నడుం ఇరవై నాలుగు. చెయ్యి ఇరవై. ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది కూడా. భుజాలకూ మెడకూ మాత్రం కొలతల జోలికి పోకుండా తన పాత చొక్కా ఆదిగా పరిచి దాని చుట్టూ గీసింది.

“కత్తెర నోరు పూర్తిగా ముయ్యకు,” అంది పెద్దమ్మ మంచం మీద నుంచి. “చివర్లు ఎలక కొరికినట్టవుతాయి.”

కత్తెర చప్పుడు విని చెప్పిందావిడ. పిచ్చుక ఆశ్చర్యపోయి, నోరు సగమే మూస్తూ కత్తిరించింది.

మధ్యాహ్నానికి వీపు, రెండు ముందు పలకలు, చేతులు అన్నీ కలిశాయి. మిషను ఒక్కసారి కూడా దారం తెంపలేదు. పెద్దమ్మ కుట్టు మీద వేలు నడిపించి చూసింది. ఏదో ఒక వంక దొరుకుతుందని అటూ ఇటూ తిప్పింది.

“కుట్టు తిన్నగానే పడిందే,” అంది చివరికి, ఇష్టం లేకుండానే.

మూడింటికి అమ్మ పనినుంచి వచ్చింది. చెప్పులు విప్పకుండానే “ఏదీ, వేసుకో చూద్దాం,” అంది.

పిచ్చుక వేసుకుంది. కుడి చెయ్యి దూరింది. ఎడమ చెయ్యి దూరడానికి కాస్త బతిమాలించుకుంది. రెండు పలకలూ ముందుకు లాక్కుంటే, ఒకదాని మీద ఒకటి ఎక్కాల్సినవి దూరపు చుట్టాల్లా కొసలు తాకీ తాకకుండా నిలబడ్డాయి. గుండీ పెట్టాల్సిన చోటు ఇక్కడ, కాజా కొట్టాల్సిన చోటు మూడు వేళ్ల అవతల. మణికట్టు దాకా రావాల్సిన చేతులు పైనే ఆగిపోయాయి. భుజాలు మాత్రం బంగారంలా కుదిరాయి, అదే ఇంకా ఒళ్లు మండించింది.

పెద్దమ్మ చెయ్యి చాపి ఆ ఖాళీని వేళ్లతో కొలిచింది.

“ఛాతీ ఎంత పెట్టావే?” అంది పెద్దమ్మ.

“ముప్పై. లూజు రెండు.”

“ముప్పై ఎవరు చెప్పారు? నేను ముప్పై రెండన్నా కదా?”

“అవును. అందులోంచి రెండు తీశా.”

“ఎందుకు తీశావ్?”

“టేపుకు రెండంగుళాలు లేవుగా!”

“అయ్యో నా తల్లీ, అవి నేను నోట్లోనే తీసేసి చెప్పా! ముప్పై ఏళ్లుగా నోట్లోనే తీసేస్తున్నా!”

“నీ నోట్లో తీసేసింది నాకెలా తెలుస్తుంది పెద్దమ్మా? తీశానని చెప్పొచ్చుగా!”

“తీశావా అని నువ్వడగొచ్చుగా!”

అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “అక్కా, నయం, నేను పనికెళ్లా. ఇంట్లో ఉంటే నేనూ ఒక రెండు తీసేసేదాన్ని,” అంది.

పెద్దమ్మ నవ్వింది. నవ్వితే కంటికి నొప్పి. “నవ్వించకే, కట్టు ఊడుతుంది,” అని కన్ను పట్టుకుని మళ్లీ నవ్వింది. పిచ్చుక కూడా నవ్వబోయింది గానీ, నవ్వు మధ్యలో మెలితిరిగి ఏడుపై కూర్చుంది. కోటు విప్పకుండానే గోడవైపు తిరిగి నిలబడింది. ఆ చేతులతో కళ్లు తుడుచుకోబోతే మోచేయి పూర్తిగా మడవడానికి కూడా బట్ట చాల్లేదు.

ఏడుపు అయిపోయాక ముగ్గురూ ఆ కోటును మంచం మీద పడేసి చుట్టూ కూర్చున్నారు.

కుట్టు విప్పి లోపలి మార్జినంతా వదిలితే? వదిలితే ఆ చివర ఈ చివర పీచు తేలుతుంది. ఇంకో ముక్క కొంటే? అది ఆఖరి ముక్కని కొట్టువాడు ముందే చెప్పాడు. అయినా పిచ్చుక పరుగెత్తి వెళ్లి అడిగి వచ్చింది. అలాంటి గుడ్డ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదన్నాడు. కత్తిరించగా మిగిలిన ముక్కలు ఏరి పరిస్తే, బొమ్మకు చొక్కా కుట్టడానికి కూడా రావు.

“సోమవారం వెళ్లి ఆయన్ని బతిమాలు. నాలుగు రోజులు గడువడుగు,” అంది పెద్దమ్మ. గొంతులో తిట్టు లేదు. తన నోరు చేసిన పని ఆవిడకు లోపల గుచ్చుకుంటోంది.

“నా వెనకాల ఇద్దరున్నారు పెద్దమ్మా.”

“ఉంటే ఉండనీ. మనుషులన్నాక ఆమాత్రం...”

“నేను బతిమాలను. మళ్లీ కుడతా.”

ఆ మాట పిచ్చుక అంత గట్టిగా అంటుందని ఎవరూ అనుకోలేదు. అని ఊరుకోలేదు, లేచి గదంతా తిరిగింది. దుప్పట్లు చూసింది, అన్నీ పూలవే. తువ్వాలు చూసింది, పలచన. అలా తిరిగి తిరిగి మిషను దగ్గర ఆగింది. మిషను మీద దుమ్ము పడకుండా కప్పే గుడ్డ ఒకటుంది. మైదా సంచి. చాలాసార్లు ఉతికి ఉతికి మెత్తబడిన దళసరి తెల్ల నూలు గుడ్డ.

“పెద్దమ్మా, దీన్ని కోసేయనా?”

“నా మిషనుకు కూడా బట్టలు విప్పుతావా?” అంది పెద్దమ్మ. వెంటనే, “కొయ్యి. చంక నుంచి అంచు దాకా రెండు పక్కలా పట్టీ వెయ్. మూడంగుళాల పట్టీ కత్తిరిస్తే కుట్టులోకి పోగా రెండు మిగులుతుంది. ట్రేలు ఎత్తేదానివి, కాస్త వదులుండాలి. చేతులకు కూడా అదే పట్టీ పొడుగ్గా లాగెయ్. చివర్న కఫ్ కలుపు,” అంది. ఒక్క క్షణం ఆగి, “మూడంటే మూడే. నేనేమీ తియ్యలేదు, నువ్వేమీ తియ్యకు,” అంది.

పిచ్చుక బ్లేడు తీసుకుని పక్క కుట్లు విప్పడం మొదలుపెట్టింది. పొద్దున్న కష్టపడి తిన్నగా వేసిన కుట్లు, ఇప్పుడు ఒక్కొక్కటే కొయ్యాలంటే చెయ్యి రాలేదు. పైగా మూడో కుట్టు దగ్గర బ్లేడు జారి ముందు పలకలో గోరంత కన్నం పడింది. పిచ్చుక కళ్లు మూసుకుంది, తెరిచింది. కన్నం అక్కడే ఉంది. ఎవరికీ చెప్పకుండా, పొద్దున్న కత్తిరించి ఉంచిన జేబు గుడ్డ తెచ్చి ఆ కన్నం మీద పెట్టి చూసింది. జేబు ఉండాల్సిన చోటుకంటే నాలుగు వేళ్లు పైకి వస్తుంది. అయితే ఏం, జేబు జేబే. సుద్దతో గీసేసింది.

సంచి మీద నీలం సిరాతో అచ్చులున్నాయి. మిల్లు బొమ్మ, ఏవో అక్షరాలు. సోడా వేసి మరిగిస్తే బొమ్మ పోయింది, సగం అక్షరాలు పోయాయి. ఇంకోసారి మరిగిస్తే ఇంకొన్ని పోయాయి. ‘నికర బరువు 50 కిలోలు’ అన్నది మాత్రం కాస్త పాలిపోయి, అలాగే కూర్చుంది. చిరుగులు తప్పించి కత్తిరిస్తే ఒక పట్టీకి శుభ్రమైన గుడ్డ దొరికింది. రెండో పట్టీకి బరువు తప్పలేదు.

“తిరగేసి కుట్టు,” అంది అమ్మ.

తిరగేసి చూశారు. సిరా అవతలికి దిగి అక్షరాలు కుడి ఎడమలుగా తిరగబడి కనపడ్డాయి.

“వద్దులే, ఎవరో చేతబడి చేసినట్టుంది,” అంది పెద్దమ్మ. “తిన్నగానే కుట్టు. చంకలోకి వచ్చేట్టు చూసుకో. చెయ్యి దించితే ఎవడు చూడొచ్చాడు?”

ఆదివారమంతా పిచ్చుక మిషను దిగలేదు. పట్టీలు వేసింది, చంకలో నాలుగు కుట్లు కలిసే చోట సూది ఎక్కడ విరుగుతుందోనని చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కో పోటు వేసింది. కఫ్‌లు కలిపింది. జేబు పైకెక్కించింది. కాజాలు చేత్తో కుట్టింది. అమ్మ దాచిన పాత గుండీల డబ్బా కుమ్మరిస్తే తెల్లవి పది దొరికాయి. రెండు కాస్త పెద్దవి, ఒకటి కాస్త పసుపు. గుండీలు కుట్టేసరికి కిటికీలో వెలుతురు పలచబడింది. మిగిలిన దారం కూడా అంతంత మాత్రమే.

వేసుకుంటే ఈసారి పలకలు ఎక్కాయి. చేతులు మణికట్టు దాటాయి. అమ్మ చుట్టూ తిరిగి చూసి, “బాగుంది,” అంది. పెద్దమ్మ కళ్లద్దాలు పైకెత్తి బాగున్న కంటితో చూసి, “బాగుందని అనను. కోటులా ఉంది,” అంది. ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే అదే చాలు.

సోమవారం మొదటి బస్సుకు పిచ్చుక బేకరీ చేరింది. వెనక గుమ్మం దగ్గర వెచ్చగా ఈస్టు వాసన. మాస్టరు గుమ్మంలోనే నిలబెట్టాడు. ఆయన వెనక కేకులకు క్రీము వేసే అక్క ఒకావిడ చేతులు కట్టుకుని నిలబడింది. బొద్దుగా, నవ్వు మొహం.

“చేతులు చాపు.” చాపింది. మణికట్టు దాకా ఉన్నాయి.

“వెనక్కి తిరుగు.” తిరిగింది.

“చేతులెత్తు.”

పిచ్చుక ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎత్తింది.

“మాస్టారూ!” అంది కేకుల అక్క. “ఈ పిల్ల తూకం రాయించుకుని మరీ వచ్చింది. యాభై కిలోలట! నన్నడిగితే కాటా మోసం, నలభైకి మించదు.”

లోపల ఎవరో పగలబడి నవ్వారు. పిచ్చుక చెవులు మండాయి. మాస్టరు నవ్వలేదు. వంగి చంకకింద అక్షరాలు చదివాడు.

“ఇదేంటి?”

“మైదా సంచి మాస్టారూ.”

“కోటుకు మైదా సంచెందుకు?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పిచ్చుకకు అలాంటి మాటలు తొందరగా దొరకవు. “కొలత తప్పింది. తియ్యాల్సిన రెండంగుళాలు ఇద్దరం తీసేశాం. వేసుకుంటే పట్టలేదు. వేరే గుడ్డ దొరకలేదు. అందుకని విప్పి, పట్టీ వేసి కుట్టాను,” అంది. బయటివాళ్ల ముందు అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ మాట్లాడలేదు.

“నువ్వే కుట్టావా?”

“నేనే.”

ఆయన పట్టీ కుట్టును రెండు చేతులా పట్టి లాగాడు. కుట్టు కదల్లేదు. “ఊఁ,” అన్నాడు. తర్వాత గుండీల మీద పడ్డాడు. ఒక్కోదాన్ని రెండు వేళ్లతో పట్టి గుంజడం. ఒకటి, రెండు, మూడు. పిచ్చుక లోపలే లెక్కపెడుతోంది. ఎనిమిది, తొమ్మిది. పదోది, అడుగున ఉన్న పసుపుపచ్చది, ఆయన వేళ్లలోకి వచ్చేసింది.

మాస్టరు ఆ గుండీని అరచేతిలో పెట్టుకుని పిచ్చుకకు చూపించాడు. “ఇది పిండిలో పడితే?”

“ఎవరి పన్నో విరుగుతుంది.”

“మరి?”

“కుట్టుకొస్తాను మాస్టారూ.”

“లోపల సూది పనికిరాదు.”

“బయటే కుడతాను.”

“మొదటి ట్రే పొయ్యిలోకి పోయాక ఈ తలుపు తియ్యను. పావుతక్కువ ఏడుకు పోతుంది.” గోడమీది గడియారం ఆరూ పది చూపిస్తోంది. ఇంటికి బస్సులో వెళ్లడానికే అరగంట.

పిచ్చుక గుండీ తీసుకుని వీధిలోకి పరుగెత్తింది. షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. మందుల షాపు తెరిచి ఉంది గానీ, వాళ్ల దగ్గరున్న సూదులు ఈ పనికి రావు. పాలబూతు ఆమె లేదంది. మూల మలుపులో, చెప్పులు కుట్టే ముసలాయన అప్పుడే పట్టా పరుచుకుని పెట్టె తెరుస్తున్నాడు.

“తాతా, సూదీ దారం ఇస్తావా?”

“నా సూది తోలు కుట్టేది తల్లీ. బట్టకు పెడితే కన్నాలే మిగులుతాయి.”

“చిన్నది లేదా? గుండీ కుట్టాలి. తొందరగా.”

ఆయన పెట్టె అడుగున వెతికాడు. గుడ్డ బూట్లు కుట్టే సన్నపాటి సూది ఒకటి తీశాడు. తెల్లదారం మైనపు ముద్ద మీద రెండుసార్లు లాగి ఎక్కించాడు. “ఇటివ్వు, నేనేసేస్తా.”

“వద్దు తాతా, నేనే వెయ్యాలి.”

“ఏం, నా చెయ్యి నచ్చలేదా?”

“మళ్లీ ఊడితే నన్నే కదా అడుగుతారు.”

ముసలాయన పట్టా మీద కాస్త జరిగి చోటిచ్చాడు. పిచ్చుక కోటు విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుండీ వేసింది. “ఊరికే అటూ ఇటూ పొడిస్తే చాలదు,” అన్నాడాయన. “గుండీ కింద మెడ చుట్టూ నాలుగు చుట్లు బిగించి, అప్పుడు ముడెయ్.” పిచ్చుక నాలుగు చుట్లు చుట్టింది. లాగి చూస్తే గుండీ రాయిలా ఉంది.

దారం తెంపి లేవబోయి ఆగిపోయింది. మిగతా తొమ్మిదీ చూసింది. అవి ఊడలేదు. కానీ అవీ నిన్న సాయంత్రం ఆ వెలుతురులోనే, ఆ దారంతోనే, అలిసిపోయిన ఆ చేతులే కుట్టాయి. ఇవాళ్టి గుంజుడుకు నిలబడ్డాయి. రేపు పిండి పిసికేటప్పుడు నిలబడతాయని ఎవరు చెప్పారు?

“తాతా, ఇంకా దారం కావాలి. తొమ్మిదింటికి.”

“తొమ్మిదా? ఊడింది ఒకటేగా?”

“ఒకటే. మిగతావి కూడా గట్టి చేస్తా.”

“టైముందా?”

“తెలీదు. టైమెంతైందో చెప్తూ ఉంటావా?”

ఆయన చేతి గడియారం పట్టా మీద పెట్టాడు. ఒక్కో దారం మైనం పట్టించి సిద్ధంగా అందిస్తూ పోయాడు. పిచ్చుక పాత కుట్లు తెంపలేదు. వాటి మీదనుంచే కొత్తవి వేసి, మెడకు నాలుగు చుట్లు చుట్టి, ముడి. ఆరూ ఇరవై ఐదు. రెండోది, మూడోది. నాలుగోదాని దగ్గర సూది వేలిలో దిగింది. తెల్లకోటుకు రక్తం అంటకూడదని వేలు నోట్లో పెట్టుకుని, ఎడం చేత్తో ముడి బిగించింది. ఆరూ ముప్పై మూడు. “ఇంకో ఐదు,” అన్నాడాయన, తన పనే అన్నట్టు. చెప్పు తెగినతను ఒకడు వచ్చి నిలబడితే, “కాసేపాగు బాబూ, ఇక్కడ అర్జెంటు పని నడుస్తోంది,” అన్నాడు. అతను కూడా నిలబడి గుండీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఆఖరి ముడి పడేసరికి ఆరూ నలభై ఒకటి. పిచ్చుక కోటు తొడుక్కుంటూనే లేచింది. “తాతా, దారానికి...”

“ముందు పరుగెత్తు! రేపొక రొట్టె పట్రా, అదీ నువ్వు చేసిందే.”

తలుపు ఓరగా ఉంది. మాస్టరు మొదటి ట్రే చేతుల్లో పట్టుకుని పొయ్యివైపు తిరిగి ఉన్నాడు. అడుగుల చప్పుడు విని వెనక్కి చూశాడు. ట్రే కేకుల అక్క చేతికిచ్చి, గుమ్మంలోకి వచ్చాడు. పిచ్చుక రొప్పుతూనే గుండీలు కనపడేట్టు నిటారుగా నిలబడింది.

ఆయన నేరుగా అడుగు గుండీ పట్టుకుని గుంజాడు. కదల్లేదు. పైది గుంజాడు, దాని పక్కది గుంజాడు. మైనం పట్టిన దారాన్ని వేలితో తడిమాడు. కింద చుట్లు చూశాడు.

“అన్నీ మళ్లీ కుట్టావా?”

పిచ్చుక తలూపబోయి, “అన్నీ కుట్టాను మాస్టారూ,” అంది.

ఆయన మళ్లీ పదో గుండీ పట్టుకుని, ఈసారి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు. గుండీ రాలేదు. గుండీతో పాటు పిచ్చుకే గడప దాటి లోపలికి వచ్చింది.

“చేతులు కడుక్కో,” అన్నాడు మాస్టరు. “మోచేతుల దాకా.”